ఇసుకలో భూగోళం మాస్టారు

బొత్స్వానా రాజధాని గబరోనెలో ఒక బడిలో భూగోళం చెప్పే ఓటెంగ్‌కి నలభై నాలుగో ఏట, సొంతంగా బండి నడుపుకుంటూ అడవిలోకి వెళ్లి సింహాలను చూడాలని బుద్ధి పుట్టింది. ఎక్కడెక్కడి వాళ్లో విమానాలెక్కి వచ్చి చూసిపోతుంటే, ఈ దేశంలోనే పుట్టిన తాను టీవీలో చూడటం ఆయనకు తలకొట్టేసినట్టయింది.

మూడు నెలలు సన్నాహాలు సాగాయి. అడవి గురించి ఆయన చదవని కాగితం లేదు, చెప్పి విసిగించని మనిషి లేడు. బండి కప్పు మీద పరిచే గుడారం వచ్చింది. రెండు స్టెప్నీలొచ్చాయి. టైర్లలో గాలి కొలిచే మీటర్లు మూడొచ్చాయి. మొదటి రెండూ తగువు పడితే తీర్పు చెప్పడానికట మూడోది. నర్సుగా చేసే భార్య కెనీల్వేకి మాత్రం జాబితా పట్టుకుని టిక్కులు పెట్టే పని అప్పగించాడు.

"భయంగా ఉందా?" అని అడిగాడు ఒకరోజు ఆదరంగా.

"ఎందుకండీ, మీరున్నారుగా," అంది కెనీల్వే. ఆ మాటలోని పులుపు ఆయన నాలుకకు తగల్లేదు.

అడవిలోకి వెళ్లే ముందురోజు, అడవి అంచునున్న మావున్‌లో కెనీల్వే మేనమామ బబూసీ ఇంట్లో దిగారు. బబూసీ బండి చుట్టూ ఒకసారి తిరిగి, అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు.

"సామాను బాగానే కూర్చుంది అల్లుడూ. మరి మీరిద్దరూ ఎక్కడ కూర్చుంటారు?"

"అడవంటే ఆషామాషీ కాదు మామయ్యా, అన్నిటికీ సిద్ధంగా ఉండాలి," అన్నాడు ఓటెంగ్, అడవి పక్కనే డెబ్భై ఏళ్లు బతికిన మనిషితో.

సాయంత్రం, ఇంటి వెనక ఎండిపోయిన ఏటిలో ఒక్కసారి సాధన చేద్దామన్నాడు. ఇసుకలో బండి ఎలా పోవాలో భార్యకు వివరిస్తూ బండిని ఏట్లోకి దింపాడు. ఆ వివరణ ఇంకా సగంలో ఉండగానే బండి ఆగింది. ఆయన గట్టిగా తొక్కాడు. చక్రాలు తిరిగాయి, బండి కిందికి దిగింది. ఇంకా గట్టిగా తొక్కాడు. ఇరుసులు ఇసుకను తాకాయి. కట్టెల మోపులతో వెళుతున్న ఇద్దరు ఆడవాళ్లు మోపులు దించి, తీరిగ్గా కూర్చున్నారు. ఊళ్లో అంతకంటే మంచి కాలక్షేపం ఆ పూట లేదు.

ఓటెంగ్ పుస్తకం తీసి పేజీలు తిప్పసాగాడు. కెనీల్వే దిగి, నాలుగు టైర్ల దగ్గరా కూర్చుని, అవి మెత్తబడి ఇసుక మీద పరుచుకునేలా అగ్గిపుల్లతో కొంత గాలి వదిలింది.

"అయ్యో, టైర్లు పాడైపోతాయి," అన్నాడాయన.

"కాస్త అటు జరగండి."

చక్రాల ముందు ఇసుక చేత్తో తోడేసి, తనే స్టీరింగు ముందు కూర్చుంది. బండి రెండడుగులు వెనక్కి వెళ్లి, ముందుకొచ్చి, మెల్లగా గట్టెక్కింది. ఆడవాళ్లు మోపులెత్తుకున్నారు. వాళ్లలో పెద్దామె, "మీ ఆయన్ని మర్చిపోయావమ్మా," అని కేకేసింది.

ఓటెంగ్ ఇసుకలో నడుచుకుంటూ వచ్చాడు. "ఇదెక్కడ నేర్చుకున్నావు?"

"ఎడారి పల్లెల్లో ఆరేళ్లు టీకాలేశాను కదా. డ్రైవరు రానప్పుడల్లా ఆసుపత్రి బండి నేనే తోలేదాన్ని."

"మరి చెప్పలేదేం?"

"మూడు నెలలుగా మీరు ఊపిరి తీసుకోవడానికి ఆగితే కదా, నేను నోరు తెరిచేది."

ఆయన చెవులు వేడెక్కాయి. తను చూడని పల్లెల్లో, తను ఒక్కసారీ అడగని ఆరేళ్లు ఈమె గడిపిందని అప్పుడు తట్టింది. ఆ రాత్రి కెనీల్వే సగం సామాను బబూసీ వసారాలో దించేస్తుంటే ఆయన ఒక్క వస్తువుకీ అడ్డు చెప్పలేదు.

మర్నాడు అడవి గేటు దగ్గర కాపలాదారు రిజిస్టరు ముందుకు తోశాడు. ఓటెంగ్ కలం పట్టుకుని కాసేపు ఆగి, డ్రైవరు అన్నచోట కెనీల్వే పేరు రాశాడు. తన పేరు 'ఇతరులు' కింద చేరింది.

వెనక బండిలోంచి దిగిన కుర్ర జంట దారెలా ఉంటుందని అడిగారు.

"మొదట టైర్లన్నిట్లో కొంత గాలి తీసేయండి," అన్నాడు ఓటెంగ్, పుట్టినప్పటినుంచీ ఇసుకలోనే తిరిగినవాడిలా. "చాలామందికి తెలీదు ఈ సంగతి."

కెనీల్వే బండి స్టార్ట్ చేసింది.