ప్యో దల్‌సూ గారి విశ్రాంతివేళ

మా అపార్ట్‌మెంటు కాపలాదారు ప్యో దల్‌సూ గారు మరణించిన నలభై రోజులకు ఆయన భార్య సుల్లే మా ఇంటికి వచ్చింది. చెప్పులు విడిచి, గుమ్మం లోపలే మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. గదిలోకి రమ్మని రెండుసార్లు పిలిచినా కదలలేదు. ఆమె ఒళ్ళో గోధుమరంగు కవరు ఉంది.

"టీచరమ్మ గారూ, మీరు కాగితాలు బాగా రాస్తారని మా ఆయన అంటుండేవారు. నాకొక కాగితం రాసిపెట్టాలండి."

"ఏమని రాయాలి?"

"ఆయన పనిలోనే పోయారని."

విషయం ఇది. దల్‌సూ గారు ఒక రోజు ఉదయం ఆరు నుంచి మరునాటి ఉదయం ఆరు వరకు మా ఐదు భవనాలను కాపలా కాసేవారు, మరునాడు ఇంట్లో ఉండేవారు, మళ్ళీ వచ్చేవారు. ఆ ఇరవైనాలుగు గంటలలో ఎనిమిదింటిని విశ్రాంతి అని ఒప్పందంలో రాశారు. వాటిని తీసివేస్తే ఆయన వారానికి యాభై ఆరు గంటలు మాత్రమే పనిచేసినట్టు లెక్క. అరవై దాటితే తప్ప, గుండె ఆగి చనిపోయిన మనిషిని పనిభారం చంపిందని, పరిహారం తేల్చే విచారణ మండలి సాధారణంగా ఒప్పుకోదు. మధ్యాహ్నం ఒక గంట, సాయంత్రం ఒక గంట ఆయనకు నిజంగా విశ్రాంతి లేదని రుజువైతే ఆ సంఖ్య అరవై మూడు అవుతుంది. ఆయన ఆగస్టు ఎండలో, మధ్యాహ్నం పన్నెండూ నలభైకి, చెత్త వేరుచేసే కొట్టం దగ్గర, చేతిలో అట్టపెట్టెతో కూలిపోయారు. అది విశ్రాంతివేళ అనీ, ఎవరూ రమ్మనలేదనీ, ఆయనంతట ఆయనే వెళ్ళారనీ మా అపార్ట్‌మెంటు నిర్వహణ కార్యాలయం వారు రాసి ఇచ్చారు.

"ఒక్కరు చాలునట," అంది సుల్లే. "ఇక్కడ ఉండేవాళ్ళలో ఒక్కరు నిజం చెబితే చాలునని వకీలు గారు అన్నారు."

"ఒక్కరేమిటి, యాభైమంది చేత సంతకాలు పెట్టిస్తాను," అన్నాను నేను. ఆ మాట అన్నప్పుడు నాకు నా మీద ఎంతో గౌరవం కలిగింది.

మూడు రోజులు తిరిగాను. మొత్తం రెండువందల పన్నెండు ఇళ్ళు. తలుపు తెరిచినవారందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఎంత మంచివాడు, ఎంత నవ్వుముఖం అన్నారు. కలం చేతికి ఇచ్చేసరికి ఒకరికి పొయ్యి మీద పులుసు మాడుతున్నట్టు గుర్తుకు వచ్చేది. ఒకరికి భర్తను అడగవలసి వచ్చేది. నివాసుల సంఘం అధ్యక్షుడు తక్ మాత్రం దాపరికం లేకుండా మాట్లాడాడు. నన్ను సంఘం గదిలో కూర్చోబెట్టి, ఫ్యాను నా వైపు తిప్పాడు.

"ఈ ఎండలో ఇల్లిల్లూ తిరుగుతున్నారటగా టీచరమ్మా! మోకాళ్ళు బాగైనట్టున్నాయే."

"సంతకం పెట్టండి తక్ గారూ."

"పెడతానండీ, చేతికేం రోగం. కానీ విశ్రాంతివేళలో ఆయన చేత పనిచేయించారని రాశారు కదా, చేయించిందెవరని వాళ్ళడగరా? మనమే కదండీ! రేపు మిగతా కాపలావాళ్ళందరూ ఆ గంటలకి జీతాలడుగుతారు. అప్పుడు ఇంటింటికీ తిరిగి నెలవారీ రుసుము పెంచుతామని కూడా మీరే చెబుతారా?"

"మనిషి చనిపోయాడు."

"చనిపోయాడు, పాపం. అందరికంటే ఎక్కువ పూలు పంపింది మన సంఘమే." అతడు కొంచెం ముందుకు వంగాడు. "అసలా విశ్రాంతివేళ పెట్టాలని సమావేశంలో లేచి మాట్లాడిందెవరో గుర్తుందా? నేను చప్పట్లు కూడా కొట్టాను."

మాట్లాడింది నేనే. కనీస వేతనం పెరిగిన ఏడాది అది. జీతం లెక్కకు రాని విశ్రాంతి గంటలు పెంచితే కాపలావారి జీతం పెరగకుండా ఆపవచ్చునని కార్యాలయం వారు లెక్క వేశారు. నేను ఆ లెక్క చూడలేదు. మనిషన్నవాడికి ప్రశాంతంగా తినే ఒక గంట ఉండాలని మాత్రం లేచి అన్నాను. కాపలా గది కిటికీకి తగిలించే పలక మీద 'విశ్రాంతివేళ' అన్న అక్షరాలను నా చేత్తోనే కుంచెతో రాశాను.

"ఇంకో మాట," అన్నాడు తక్. "ఆ గంటలో ఆయన ఎవరెవరి పనులు చేశాడో రాయాలంటే మొదటి పేరు ఎవరిది రాస్తారు? మీ నీళ్ళ సీసాలు పైకి మోసిందెవరండీ? అందుకే చెబుతున్నా, పెద్దవారు, ఇంటికెళ్ళి పడుకోండి."

నేను కాగితాలు తీసుకుని లేచి వచ్చాను. అవమానించాడని కోపం రాలేదు. నిజం చెప్పాడని వచ్చింది.

నన్ను చదివించినవారు సన్యాసినులు. ప్రతి సాయంత్రం మమ్మల్ని బల్లల ముందు నిలబెట్టి, ఆ రోజు చేసిన తప్పు చెప్పమనేవారు. ఎదుటివారి తప్పు చెప్పరాదు. 'కానీ' అన్న మాట వాడరాదు. నలభై ఏళ్ళు నేను కూడా పిల్లలకు అదే నేర్పాను. ఆ రోజు బల్ల ముందు కూర్చుని, మొదటి వాక్యంలో నా పేరు రాశాను.

నేను రోజూ చర్చిలో ఉదయపు పూజకు వెళ్ళి, దారిలో దుకాణం నుంచి రెండు లీటర్ల నీళ్ళ సీసాల కట్ట తెప్పించుకుని, పన్నెండు దాటాక భవనం చేరేదాన్ని. వారానికి రెండుసార్లు నీళ్ళు. ఆయన డ్యూటీలో ఉన్న మిగిలిన రోజుల్లో ఒక పార్సెలో, ఒక ఉత్తరమో. కాపలా గదిలో దల్‌సూ గారు చిన్న గ్యాసు పొయ్యి మీద, సొట్టలు పడిన పచ్చటి సత్తుగిన్నెలో పొట్లం నూడుల్స్, రామ్యన్ వండుకునేవారు. వేసవిలోనూ, చలిలోనూ అదే. అన్నం క్యారేజీ తెచ్చుకోరాదా అని ఒకసారి అడిగాను.

"ఎందుకు టీచరమ్మా! మా ఆవిడ తెల్లారగట్ల నాలుగింటికి లేవాలి. ఇదయితే నాలుగు నిమిషాలు. ఈ లోకంలో చెప్పిన టైముకి తయారయ్యేది ఇదొక్కటే," అని నవ్వారు.

ఆయన వండటం నేను చూశాను. నీళ్ళు తెర్లుతుండగా మసాలా పొడి ముందు వేసి, తరువాత నూడుల్స్ వేసేవారు. తినే పుల్లలతో వాటిని గిన్నెలోంచి పైకెత్తి, చేతి విసనకర్రతో విసిరి, మళ్ళీ ముంచి, మళ్ళీ ఎత్తేవారు. అలా నాలుగుసార్లు. "గాలి తగిలితే బిగువొస్తుందండీ. పంటికింద సాగాలి. లేకపోతే అది రామ్యనూ కాదు, నేను వంటవాణ్ణీ కాదు," అనేవారు. గిన్నె దించి, మూతను పళ్ళెంలా బోర్లించి, మొదటి ముద్ద దాని మీదికి తీసుకునే సమయానికి నేను కిటికీ తట్టేదాన్ని.

"ఒక్క నిమిషమే ప్యో గారూ."

"వస్తున్నా, వస్తున్నా."

లిఫ్టులో పైకి వచ్చి, సీసాలు నా వంటగదిలో దించి, నా ధన్యవాదాలు అందుకుని ఆయన దిగేలోపు కింద మరొకరు నిలబడి ఉండేవారు. అడ్డంగా పెట్టిన కారు తొయ్యాలి, తాళం పడిపోయింది, కూరగాయల పెట్టె ఏ ఇంటిదో చూడాలి. అందరిదీ ఒక్కొక్క నిమిషమే. ఒకసారి మరచిన గొడుగు కోసం పన్నెండూ యాభైకి కిందికి వెళ్ళాను. ఆయన గిన్నె ముందు కూర్చున్నారు. పులుసు మొత్తం పీల్చుకుని నూడుల్స్ గిన్నె అంచు వరకు ఉబ్బి, తెల్లగా, చల్లగా ఉన్నాయి. పుల్లలతో ఎత్తబోతే తెగిపోతున్నాయి.

"అయ్యో, పాడైపోయాయే," అన్నాను.

"నాకిలాగే ఇష్టమండీ. ఒక పొట్లం తింటే రెండు పొట్లాలు తిన్నట్టుంటుంది. లాభమే కదా!"

ఆ మాట నేను నమ్మాను. నమ్మటం నాకు సౌకర్యంగా ఉంది. ఆయన మరుసటి డ్యూటీ రోజున మళ్ళీ కిటికీ తట్టాను. ఇరవై నెలలు తట్టాను. నా కుంచెరాత పలక నా ముఖానికి ఎదురుగానే వేలాడేది.

ఇదంతా నాలుగు పేజీలు రాసి, సంతకం చేసి, వేలిముద్ర వేశాను. నాది తప్ప మరో పేరు అందులో లేదు.

విచారణ రోజున బల్ల వెనుక ఐదుగురు కూర్చున్నారు. నా వెనుక కుర్చీలో సుల్లే నల్లదుస్తుల్లో ఉంది. మధ్యలో కూర్చున్న మండలి అధ్యక్షుడు నా కాగితాలు తిరగవేసి, మర్యాదగానే అడిగాడు.

"అమ్మా, మీరు పిలిచినప్పుడు ఆయన రానని ఎప్పుడైనా అన్నారా?"

"అనలేదు."

"అంటే ఇష్టపడే వచ్చారన్నమాట."

"ఆయన ఒప్పందం మూడు నెలలకొకసారి తిరగరాస్తారు అయ్యా. తిరగరాసేది మేము. మీరైతే రానంటారా?"

పక్కనున్న వైద్యుడు తల ఎత్తాడు. "ఉబ్బినవే ఇష్టమని ఆయనే చెప్పారని మీరే రాశారు కదమ్మా. కొందరలాగే తింటారు. మా నాన్న కూడా అంతే."

"మీ నాన్నగారు నూడుల్స్‌ను నాలుగుసార్లు పైకెత్తి విసనకర్రతో విసురుతారా?"

వైద్యుడు నా కాగితాల్లో ఆ చోటు వెతికాడు.

"ఉబ్బినవి ఇష్టమైనవాడు గాలికి ఎత్తడు. గిన్నె మూసి వదిలేస్తాడు. ఈయన రోజూ ఎత్తేవారు. ఇవాళైనా ఎవరూ పిలవరేమోనని రోజూ ఎత్తేవారు. ఇరవై నెలల్లో ఆయన వేడిగా తినటం నేను చూడలేదు. చల్లారినదే చూశాను. చల్లార్చినవారిలో మొదటిదాన్ని నేను."

తరగతిలో పాఠం అప్పగించినట్టు అప్పగించాను. చెప్పవలసినది పూర్తిగా, సరైన మాటలతో చెప్పానన్న తృప్తి కూడా ఆ క్షణాన కలిగింది. అది కూడా దాచను. వెనుక సుల్లే ముఖం నేను చూడలేదు. తిరిగి చూడాలని తోచలేదు.

ఐదు వారాలకు తీర్పు వచ్చింది. మధ్యాహ్నం, సాయంత్రం విశ్రాంతి గంటలు పనిగంటలేననీ, మరణం పనివల్ల కలిగినదేననీ అందులో ఉంది. ఆ కాగితం తీసుకుని సుల్లే మా ఇంటికి వచ్చింది. ఈసారి గదిలోకి వచ్చింది. తల నేలకు తాకేలా వంగి నాకు నమస్కరించింది. ఎత్తబోతే నా మోకాళ్ళు సహకరించలేదు. ఇద్దరమూ నేల మీదే కూర్చుండిపోయాము. బార్లీ నీళ్ళు పోసి ఇచ్చాను. ఆమె గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు.

"నన్ను క్షమించమని అడగాలని ఉంది సుల్లే గారూ," అన్నాను.

"నన్నడక్కండి. ఆయన్నడిగితే నవ్వేసి ఊరుకునేవారు. నాకది రాదు." కాసేపు గ్లాసులోకి చూసింది. "మీ మేలు మరిచిపోనండి. మీరు చెప్పకపోతే ఈ కాగితం వచ్చేది కాదు. కానీ ఆ రోజు మీరక్కడ చెబుతుంటే, ఆపండని అరవాలనిపించింది."

నేను నీళ్ళ కూజాను పక్కకు జరిపాను.

"ఇంటికొచ్చి చెప్పేవారండి. మధ్యాహ్నం గంటసేపు నన్ను కదిలించేవాళ్ళుండరే, కాళ్ళు చాపుకుని వేడివేడిగా తిని కునుకు తీస్తా, ఆ గంట నేను రాజుని అనేవారు. అక్కడుండే టీచరమ్మ గారు పలక కూడా రాసిపెట్టారే అనేవారు. అందుకని ఆయన డ్యూటీ ఉన్న రోజున నేనూ సరిగ్గా పన్నెండింటికే కూర్చునేదాన్ని. ఒక్కదాన్నే తింటున్నట్టుండేది కాదు. ఆయన అక్కడ ఊదుకుంటున్నారు, నేనిక్కడ ఊదుకుంటున్నా అనుకునేదాన్ని. పోయాక కూడా ఆ ఒక్కటీ మిగిలిందనుకున్నా. ఎంత కష్టపడ్డా ఆ గంటైనా బాగా గడిపారులే అని."

ఆమె గ్లాసును నేల మీద పెట్టింది.

"ఇప్పుడు పన్నెండయితే కూర్చోలేకపోతున్నానండి. నిలబడి ఏదో నోట్లో వేసుకుంటున్నా."

తీర్పు కాగితాన్ని కవరులో పెట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, గోడకు చెయ్యి ఆనించి ఒక క్షణం ఆగింది. నేను సాయానికి చెయ్యి చాచాను. ఆమె చూడలేదో, చూసీ అందుకోలేదో తెలియదు. లిఫ్టు తలుపులు మూసుకున్నాయి.