వెర్నా రైఫిల్‌కు సరిపడే గుండు

వెర్నా స్టాల్‌నేకర్ వెస్ట్ వర్జీనియా కొండల్లో ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపింది. మంచు పేరుకున్న మలుపుల్లో కూడా బస్సును ఒక్కసారి గుంటలోకి దించలేదు. అలాంటి మనిషికి అరవై దాటాక, రెండేళ్లుగా వేటలో ఒక్క ఉడత కూడా పడటం లేదు.

రెండేళ్ల కిందట వేలంలో ఒక పాత సన్నగొట్టం రైఫిల్ కొనుక్కుంది. దానికి తూటాలు అంగట్లో దొరకవు. అక్క డెల్లా మొగుడు ఆర్విల్ టీటర్ తన షెడ్డులో సీసం కరిగించి గుండ్లు పోతపోసి, మందు దట్టించి, డబ్బాలో పెట్టి తెచ్చిచ్చేవాడు. వాటితో ఎంత గురిచూసి కాల్చినా ఉడత కొమ్మమీదే కూర్చుని కాయ కొరుక్కునేది.

"తుపాకీ మంచిది, గుండు మంచిది, మందు మంచిది. ఇంక తేడా ఎవరిలో ఉంది మరదలా?" అని ఆర్విల్ కన్నుగీటేవాడు.

"నీ నోట్లో బావా," అనేది వెర్నా.

పైకి నవ్వేది గానీ లోపల బెంగే. వాళ్లమ్మకు ఈ వయసులోనే చేతులు వణకడం మొదలైంది. రోజూ పొద్దున వెర్నా కాఫీ కప్పు చేత్తో పట్టుకుని, పైన అలలేమైనా లేస్తున్నాయా అని చూసుకునేది. ఈ సంగతి అక్కకు కూడా చెప్పలేదు.

సెప్టెంబరులో ఉడతల వేట కాలం మొదలవడానికి వారం ముందు ఆర్విల్ కొత్త డబ్బాతో వచ్చాడు.

"ఈసారి సీసం గట్టిది కలిపా. మందు కూడా కాస్త పెంచా. రాకెట్లే అనుకో!"

షెడ్డు వెనక మట్టిగట్టుకు కాగితం పళ్లెం గుచ్చి, ముప్పై అడుగులు వెనక్కి నడిచి వెర్నా పది తూటాలు కాల్చింది. కోడి కెలికినట్టు చిల్లులు. మూడు అసలు పళ్లెం మీదే లేవు.

"చెప్పలా? చెయ్యి కదులుతోంది," అన్నాడు ఆర్విల్.

వెర్నా పళ్లెం దగ్గరికి వెళ్లి వంగి చూసింది. గుండ్రంగా ఉండాల్సిన చిల్లుల్లో రెండు తాళంచెవి కన్నంలా పొడుగ్గా ఉన్నాయి.

"బావా, ఇలా రా. చెయ్యి వణికితే చిల్లు పక్కకు పడుతుంది. పొడుగ్గా ఎందుకు పడుతుంది?"

ఆర్విల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "గుండు అడ్డం తిరిగి తగిలింది..."

"దాన్ని కూడా నా చెయ్యే తిప్పిందా?"

రైఫిల్ ఖాళీ చేసి, గొట్టంలోకి వెలుతురు పట్టి చూశారు. లోపలంతా వెండి పూత పూసినట్టు సీసం అంటుకుని ఉంది. దాన్ని తోమేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పుడు గొట్టం లోపలి వెడల్పు తెలియడానికి మెత్తని సీసం ముద్దకు నూనె రాసి, కర్రపుల్లతో మెల్లగా కొడుతూ గొట్టం ఈ చివరినుంచి ఆ చివరికి తోశారు. బయటికొచ్చిన ముద్దను ఆర్విల్ వెంట్రుకవాసి తేడా కూడా కొలిచే మైక్రోమీటరులో బిగించి చూశాడు. తర్వాత తన గుండును కొలిచాడు. మళ్లీ ముద్దను. మళ్లీ గుండును.

"ఈ మైక్రోమీటరు చెడిపోయిందే!"

"నిన్న బాగానే ఉందిగా," అంది డెల్లా, అప్పుడే చల్లటి టీ తెస్తూ.

ఆర్విల్ గుండు గొట్టానికి వదులు. వెంట్రుకవాసే, కానీ అది చాలు. మంట పక్క సందులోంచి దూరి సీసాన్ని కరిగించి పూసేస్తోంది. పట్టు దొరక్క గుండు తిన్నగా పోవడం లేదు. మందు పెంచినకొద్దీ ఇంకా అధ్వాన్నం.

ఆర్విల్ మైక్రోమీటరు కింద పెట్టాడు. "గుండ్లు పోసిన మూస నాది. తప్పూ నాదే," అన్నాడు, టీ గ్లాసుకు చెబుతున్నట్టు.

రెండు రోజులు కూర్చుని మూస లోపల సానపొడి ముద్దతో తిప్పి తిప్పి, గుండు కాస్త లావుగా వచ్చేలా అరగదీశాడు. వెర్నా సీసంలో మెత్తనిది ఎక్కువ కలిపించింది. గుండ్లకు తేనెమైనం, కొవ్వు కలిపి తనే పట్టించింది. మందు దగ్గర మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది.

"మందు కొలతల పుస్తకంలో అన్నిటికంటే తక్కువ కొలత ఎంతుందో అంతే పొయ్యి బావా. ఉడతకు రాకెట్ ఎందుకు? కూరకు మాంసం మిగలద్దూ?"

శనివారం కొత్త పళ్లెం గుచ్చి అయిదు కాల్చింది. అయిదు చిల్లులూ బొటనవేలి కింద దాగిపోయాయి. వెర్నా తుపాకీ పక్కన పెట్టి, గడ్డిలో కూలబడి, రెండు చేతులూ చాపి చూసుకుంది. చూసుకుంటూనే ఏడ్చింది, నవ్వింది కూడా. అమ్మ సంగతి అప్పుడు చెప్పింది.

ఆర్విల్ మొహం ఎర్రబడింది. "ఊరికే ఆటపట్టిస్తున్నా అనుకున్నా గానీ, నువ్వు ఇంత దిగులు పడుతున్నావని తెలీదు వెర్నా. క్షమించు."

"క్షమిస్తా. ఇంకో వంద పోసిపెట్టు."

వేట కాలం మొదలైన పొద్దున హికరీ చెట్ల కింద వెర్నాకు నాలుగు ఉడతలు పడ్డాయి. ఆర్విల్‌కు ఒక్కటీ లేదు. ఆ మధ్యాహ్నం డెల్లా వాటిని చిక్కటి గ్రేవీలో ఉడికించి, వేడి రొట్టెలతో వడ్డించింది.

"రెండేళ్లు మా చెల్లెలి చేతుల్ని ఆడిపోసుకున్నావు. ఇప్పుడు ఆ చేతులు తెచ్చిందే తింటున్నావు, సిగ్గు లేదూ?" అంది మొగుడితో.

"ఉంది," అన్నాడు ఆర్విల్ పళ్లెం ముందుకు జరిపి. "ఆ చేతులతోనే ఇంకో గరిటె వెయ్యమను."