ఎడమ రికాబు

జీను తుడుస్తున్న డేగకన్ను చెయ్యి ఆగిపోయింది. రౌతు పాదం పెట్టే ఎడమ రికాబు పట్టీ మళ్ళీ రెండు బెజ్జాలు కిందికి దిగి ఉంది. నిన్న సాయంత్రం తనే సరిచేశాడు.

డేగకన్ను అన్నది గుర్రపుశాలలో అందరూ పెట్టిన పేరు. తన నీడనైనా తిరిగి చూసుకునే మనిషి. పాలు తెస్తే నీళ్ళు వెతుకుతాడు, పలకరిస్తే అవసరం వెతుకుతాడు. ఆ చూపు భరించలేకే భార్య కూతురింట్లో ఉంటోంది. అయినా అతను బిగించిన జీను మీంచి ఇంతవరకూ ఎవరూ పడలేదు.

స్వారీ నేర్పే మాస్టారికి పొద్దున్నే గుర్రం సిద్ధం చేసేది డేగకన్ను అల్లుడు. మాస్టారి చోటు మీద అతనికి ఆశ ఉందని డేగకన్ను అనుమానం. ముసలాయన ఒక్కసారి పడితే చాలు. ఈవేళ కావాలనే ముందుగా వచ్చిన డేగకన్ను, పట్టీ సంగతేమిటని నిలదీశాడు.

"ఆ గుర్రం జోలికి పోకండి మావయ్యా," అన్నాడు అల్లుడు, తల దించుకుని. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది.

అల్లుడు అటు తిరగగానే డేగకన్ను జీనుకు వేళ్ళు ఆనించి, పట్టీని చెయ్యి పొడవునా లాగి, రికాబు చంకకు తగిలేలా రెండువైపులా కొలిచి సమం చేశాడు. ఒకటి పొడుగైతే స్వారీ చేసేవాడు ఒరుగుతాడు, గుర్రం వీపు పుండవుతుంది. అలా నేర్పింది మాస్టారే.

మాస్టారు వచ్చి, ఎత్తైన దిమ్మె మీంచి గుర్రం మీద కూర్చున్నారు. కుడికాలు కుదిరింది. ఎడమ మోకాలు వంగలేదు. పాదం రికాబును తడిమి, జారి, మళ్ళీ తడిమింది. ఆయన పెదవి పంటికింద నలిగింది.

అల్లుడు పరుగున వచ్చి పట్టీ పట్టుకున్నాడు. "మోకాలు చెడిపోయింది మావయ్యా. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు."

డేగకన్ను కూడా వంగాడు. వేళ్ళకు బకిల్ దొరకలేదు.

"ఉండనివ్వండి," అన్నారు మాస్టారు. "బాగానే కట్టావు డేగా. సమంగానే ఉండాలి." నెమ్మదిగా దిగి, గుర్రం మెడ నిమిరి వెళ్ళిపోయారు.

సాయంత్రానికి మాస్టారు గది ఖాళీ చేసి చెల్లెలింటికి వెళ్ళారని అల్లుడు చెప్పాడు. డేగకన్ను మొదటిసారి అతని ముఖంలో ఏమీ వెతకలేదు. చీపురు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళాడు. మంచం కింద స్వారీ బూట్ల జత ఉంది. వాచిన కాలు పట్టేందుకు ఎడమదాన్ని పైనుంచి మడమ దాకా కోసి, సన్నని తాడుతో వదులుగా అల్లి ఉంచారు.