సంయుక్త చూసిన వెలుతురు

ఆదివారం పొద్దున పెసరట్లు వేయడం ఆ ఇంట్లో ఆనవాయితీ. కొండాపూర్‌లో పదకొండో అంతస్తు ఫ్లాట్ అది. పెనం మీద పిండి చుయ్యిమనగానే సోమేశ్వరరావుగారు పేపరు మడిచి బల్ల దగ్గరికి వచ్చేస్తారు. ఆ రోజూ వచ్చారు. కొడుకు ఆదర్శ్ అప్పటికే ఫోన్ చూసుకుంటూ తింటున్నాడు. కోడలు సంయుక్త అట్టుని ముక్కలు చేస్తోందే గాని నోట్లో పెట్టుకోవడం లేదు. భ్రమరాంబగారు వంటింట్లోంచి వచ్చి కోడలి నుదుట విభూతి రాసి మళ్లీ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయారు.

"రాత్రి మళ్లీ వచ్చారు," అంది సంయుక్త.

ఆదర్శ్ తలెత్తలేదు. "ఎవరమ్మా?" అని సోమేశ్వరరావుగారు అడిగారు, జవాబు తెలిసే.

"వాళ్లే."

పాఠకులకు ఈ కథ నవ్వు తెప్పించవచ్చు. ఆ ఇంట్లో మాత్రం రెండు నెలలుగా ఎవరూ నవ్వడం లేదు. తెల్లవారుజామున సంయుక్తకి మెలకువ వస్తుంది. కళ్లు తెరుచుకుంటాయి, ఒళ్లు కదలదు, గొంతు పెగలదు. బాల్కనీ తెరలోంచి తెల్లటి వెలుతురు గదిలోకి పాకుతుంది. ఆ వెలుతురులో పొట్టి ఆకారాలు మంచం చుట్టూ నిలబడతాయి. పొత్తికడుపు మీద ఏదో చల్లగా ఆనుతుంది. ఆపైన తనని గాల్లోకి లేపుతున్నట్టుంటుంది. వేరే లోకంవాళ్లు తనను ఎత్తుకెళ్లి మళ్లీ తెచ్చి పడుకోబెడుతున్నారని ఆమె నమ్ముతోంది.

సోమేశ్వరరావుగారు కాకినాడలో ఫిజిక్స్ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యారు. దయ్యాల మీదా, చేతబడుల మీదా జనంలో ఉన్న భయాలు పోగొట్టడానికి కాలేజీల్లో ఉపన్యాసాలిస్తారు. "రుజువు అడగండి" అన్న మాటతో ఉపన్యాసం ముగించడం ఆయన అలవాటు. అటువంటి మనిషి ఇంట్లోనే ఈ మాట వినాల్సి వచ్చింది.

"దీన్ని స్లీప్ పెరాలిసిస్ అంటారని చెప్పానుగా అమ్మాయ్. రాత్రుళ్లు అమెరికా వాళ్లతో కాల్స్, పగలు ముక్కలు ముక్కలుగా నిద్ర. మెదడు లేస్తుంది, ఒళ్లు లేవదు. కల కళ్ల ముందే నడుస్తుంది. వెనకటివాళ్లు దయ్యం గుండెల మీద కూర్చుందన్నారు. మీరు సినిమాలు చూసి ఇంకేదో అంటున్నారు. ఇక ఆ వెలుతురంటావా, ఎదురుగా కడుతున్న టవర్ మీద క్రేన్ దీపం. నేను స్వయంగా చూశాను."

"ఆ దీపం నేనూ చూశాను మావయ్యగారూ. అది వేరు."

"మీ సైన్సుతో దానికి నిద్రొచ్చిందా?" భ్రమరాంబగారు వంటింట్లోంచే అందుకున్నారు. "ఎవరి కళ్లో పడ్డాయి. కవచం చదువుతున్నాను, ఇంకో వారంలో సర్దుకుంటుంది."

"నీ తాయెత్తు కట్టాకేగా వాళ్లు వారానికి రెండుసార్లు రావడం మొదలెట్టారు?"

ఇలా ఆ దంపతులు కోడలి తల మీదుగా వాదించుకోవడం మామూలైపోయింది. సోమేశ్వరరావుగారు చెప్పినదాంట్లో ఒక్క ముక్క తప్పు లేదు. భ్రమరాంబగారి ప్రేమలోనూ లోటు లేదు. అయినా వాళ్లు వాదించుకుంటున్నంతసేపూ సంయుక్త అక్కడ లేనట్టే ఉండేది.

"ఇవాళ సాయంత్రం ఖాజాగూడ గుట్ట మీద, నాలాంటివాళ్లందరితో శివశంకర్ గారు పెట్టే సమావేశం ఉంది," అంది సంయుక్త. "కెమెరా ముందు నాకు జరిగిందంతా చెబుతాను. అక్కణ్ణుంచి వాళ్ల కేంద్రానికి వెళ్తాను. కొన్నాళ్లు అక్కడే ఉంటాను. ఆఫీసుకి రాజీనామా పంపేశాను."

ఇప్పుడు తలెత్తాడు ఆదర్శ్. "పిచ్చా నీకు? మొహం ఒకసారి నెట్‌లోకెళ్తే వెనక్కి రాదు. రేపు మా పిన్నికి ఫార్వర్డ్ అవుతుంది, నా టీముకి అవుతుంది. జీవితాంతం నిన్ను ఆ వీడియోతోనే గుర్తుపెట్టుకుంటారు."

"నన్నా, నిన్నా?" అని అడిగింది సంయుక్త.

అతను ఫోన్ జేబులో పెట్టుకుని లేచాడు. ఆఫీసులో ఏదో కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందట, ఆదివారమైనా వెళ్లాలట. "నాన్నా, మీరు కాస్త చెప్పండి" అని బ్యాగు తగిలించుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం సోమేశ్వరరావుగారు కోడలిని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "వీడియో చూసేవాళ్లు అడిగే ప్రశ్నలే నేనడుగుతాను. జవాబులు చెప్పగలిగితే నువ్వు వెళ్లు. నేనే ఆటో ఎక్కిస్తాను," అన్నారు. శివశంకర్ హిప్నటిజంతో నిద్రపుచ్చి మాట్లాడించాక గుర్తొచ్చినవెన్ని, అంతకు ముందు గుర్తున్నవెన్ని అని అడిగారు. పక్కనే పడుకున్న ఆదర్శ్‌కి మెలకువ ఎందుకు రాలేదన్నారు. సంయుక్త తెలిసినవాటికి తెలుసనీ, తెలియనివాటికి తెలియదనీ చెప్పింది. ఆ నిదానం చూసి ఆయనకి పట్టుదల పెరిగింది.

"తెలియదు తెలియదంటే ఎలాగమ్మా? కారణం చూపించలేనిదాన్ని ఎలా నమ్మమంటావు?"

"మావయ్యగారూ, నేను సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే టెస్టర్ని. తప్పు కనిపించిందని మేం చెప్పగానే దాన్ని రాసిన డెవలపర్లు అనే మొదటి మాట, 'నా దగ్గర బాగానే పనిచేస్తోందే' అని. కారణం నాకు తెలియకపోతే తప్పే లేదని కాదు కదా. మీరూ అదే మాటంటున్నారు."

సోమేశ్వరరావుగారికి ఆ పోలిక నచ్చింది. నచ్చడం వల్లే ఇంకా గట్టి ప్రశ్న వేశారు. "సరే. అన్ని కోట్ల మైళ్లు దాటి వచ్చినవాళ్లకి నీతో పనేమిటి? కొండాపూర్‌లో, పదకొండో అంతస్తులో, నీ దగ్గర్నుంచి ఏం పట్టుకుపోయారు?"

"పాపని," అంది సంయుక్త.

వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది. సంయుక్త లేచి, గుమ్మం పక్కన ముందే సర్ది పెట్టుకున్న బ్యాగు తీసుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. లిఫ్టు తలుపు మూసుకున్న శబ్దం వినిపించింది.

"ఏ పాప?" అన్నారు సోమేశ్వరరావుగారు భార్య వైపు తిరిగి. భ్రమరాంబగారు పమిట నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు.

"ముందు పదండి. దార్లో చెబుతాను."

ఆటో డ్రైవర్ నర్సింహ ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. "ఖాజాగూడ గుట్టకా? ఈ వయసుల గుట్టెక్కి ఏం జేస్తరు సార్, సెల్ఫీ దిగుతరా?" అన్నాడు. వాళ్ల మొహాలు చూశాక నవ్వు ఆపేశాడు. "జర గట్టిగ వట్టుకోన్రి అమ్మా," అని ఆటో తిప్పాడు.

గచ్చిబౌలి దగ్గర బండ్లు ఆగిపోయాయి. సంయుక్త ఫోన్ స్విచాఫ్ అని వస్తోంది. అప్పుడు చెప్పారు భ్రమరాంబగారు, రోడ్డు వైపు చూస్తూ.

"ఆషాఢంలో బయటి బిర్యానీ తిని దానికి ఒళ్లు పాడైందన్నామే. అది బిర్యానీ కాదండీ. మూడో నెల జరుగుతోంది. నిలవలేదు."

సోమేశ్వరరావుగారికి ఆ వారం గుర్తొచ్చింది. అదే బల్ల దగ్గర కూర్చుని, నిలవ మాంసంలో సూక్ష్మజీవులు ఎలా పెరుగుతాయో కోడలికి పాఠం చెప్పారు తను. ఆమె తల వంచుకుని అంతా విని, "ఇక తినను మావయ్యగారూ" అంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదంటారు కదా. చెప్పనే లేదాయె. చెప్పనిదాన్ని పోయిందని ఎలా చెప్పమంటారు?" ఆవిడ పమిట కొంగు వేలికి చుట్టుకున్నారు. "దానితో ఏమీ కాలేదనుకోమ్మా, వచ్చే ఏడాదికి పండంటి బిడ్డనెత్తుకుంటావన్నాను. మన ఆదర్శ్‌తోనూ ఆ ఊసెత్తొద్దన్నాను. సోమవారం నుంచి ఆఫీసు పని మొదలెట్టేసింది. ఎంత నిబ్బరమో అనుకున్నానండీ. పిచ్చిదాన్ని."

అద్దంలోంచి చూస్తున్న నర్సింహ చూపు మళ్లించుకున్నాడు. సందు దొరకగానే ఆటోని పక్క గల్లీలోకి దూర్చాడు.

మన ఇళ్లలో ముసలివాళ్లు పోతే పదిమంది వస్తారు. ఎలా పోయారని అడుగుతారు, చెప్పినదే మళ్లీ చెప్పించుకుంటారు. ఆ చెప్పుకోవడంలోనే సగం దుఃఖం దిగిపోతుంది. ఈ బిడ్డ వస్తున్నట్టు ఎవరికీ తెలియదు. అందువల్ల వెళ్లినట్టూ ఎవరికీ తెలియలేదు. ఆ అమ్మాయిని ఒక్కరు కూడా ఏమీ అడగలేదు.

ముందు రోజు వానకి గుట్ట మీద బండలు జారుతున్నాయి. సోమేశ్వరరావుగారు భార్య చెయ్యి పట్టుకుని ఎక్కించారు. పైన చదునైన బండ మీద పట్టా పరిచి ఇరవై మంది దాకా కూర్చున్నారు. ఎదురుగా, లోయకి అవతల, అద్దాల టవర్ల మీద సాయంత్రపు ఎండ మండుతోంది. సంయుక్త బండ అంచుకి దగ్గరగా కెమెరా ముందు కూర్చుని ఉంది. పక్కన తెల్ల లాల్చీలో ఉన్న నలభై ఏళ్ల మనిషి శివశంకర్. ఒకప్పుడు కంప్యూటర్ కోర్సులు నేర్పినవాడు. గొంతు మెత్తగా ఉంది.

"రండి సార్. మీ ఉపన్యాసాలు విన్నాను. మీరు నమ్మరని తెలుసు," అన్నాడు. "కెమెరా ఆన్‌లోనే ఉంది. మీ కోడలు చెప్పేది అబద్ధమైతే ఇక్కడే, అందరి ముందూ నిరూపించండి."

సోమేశ్వరరావుగారి దగ్గర ఇప్పుడు అన్ని జవాబులూ ఉన్నాయి. నిద్ర, క్రేన్ దీపం, ఆషాఢంలో జరిగింది. మూడూ కలిపితే లెక్క పూర్తయిపోతుంది. పది నిమిషాల్లో గెలుస్తారు. సంయుక్త ఆయన వైపు చూసింది. దెబ్బ పడుతుందని తెలిసి చెంప సిద్ధం చేసుకున్నవాళ్లు చూసే చూపు అది. ఆమె వెనక రెండడుగుల తర్వాత బండ లేదు.

ఆయన నోరు తెరిచేలోపే, రొప్పుతూ నిలబడ్డ భ్రమరాంబగారు మాట్లాడారు. "మా కోడలికి ఆషాఢంలో కడుపు పోయింది. ఎవరికీ చెప్పనివ్వకుండా నేనే నోరు మూయించాను."

"అమ్మా, ఆ పాపని వాళ్లు..." అని శివశంకర్ మొదలెట్టాడు.

"నువ్వాగు నాయనా. ఇది మా ఇంటి పిల్ల సంగతి."

"శివశంకర్ గారినేమీ అనకండి అత్తయ్యా," అంది సంయుక్త. "నేను పాప అన్నప్పుడు, ఏ పాప అని అడిగింది ఆయనొక్కరే."

సోమేశ్వరరావుగారు తడిబండ మీదే చతికిలబడ్డారు. "మొదట్నుంచీ చెప్పమ్మా. నేను మధ్యలో మాట్లాడను."

పట్టా మీద వెనక కూర్చున్న ఒకామె లేచింది. "కెమెరా బంద్ జెయ్యన్నా," అంది. శివశంకర్ తటపటాయించాడు. "ఇది ఎంతోమందికి ఉపయోగపడే..." అంటుండగానే ఆమె కెమెరా మీద తన దుపట్టా కప్పేసింది.

సంయుక్త చెప్పింది. మొదటి స్కానులో గుండె మిణుకుమిణుకుమంటూ కనిపించిందట. రెండోసారి డాక్టరు తెరని ఆమెకి కనపడకుండా పక్కకి తిప్పేసుకుందట. సోమవారం కాల్‌లో అవతలివాళ్లు వీకెండ్ ఎలా గడిచిందని అడిగితే బాగా గడిచిందని చెప్పిందట. సోమేశ్వరరావుగారికి రెండుసార్లు సరిదిద్దాలనిపించింది. రెండుసార్లూ ఊరుకున్నారు. ఆమె ముగించేసరికి టవర్లలో దీపాలు వెలిగాయి.

"ఎవరు తీసుకెళ్లారు మావయ్యగారూ? ఎవరో ఒకరు తీసుకెళ్లి ఉండాలి కదా. లేకపోతే నా వల్ల పోయినట్టేగా."

అప్పటికి అర్థమైంది ఆయనకి, ఆ వెలుతురుని ఆ పిల్ల ఎందుకంత గట్టిగా పట్టుకుందో.

"మధ్యాహ్నం నువ్వు చెప్పిన మాటే చెబుతాను," అన్నారు నెమ్మదిగా. "తప్పు కనిపించిందని టెస్టర్ చెబితే అది నిజం. దానికి కారణం ఏమై ఉంటుందని అనుకుంటాడో, అది ఒక్కోసారి నిజం కాకపోవచ్చు. నీ ఒళ్లు కదలకపోవడం నిజం. నీ భయం నిజం. నీ పాప పోవడం నిజం. నేను ఈ మూడింటినీ కొట్టిపారేశాను, అది నా పొరపాటు. ఆకాశంలోంచి ఎవరో వచ్చారన్నది మాత్రం నిజం కాదు. మొదటి నెలల్లో పోయేవాటిలో చాలావాటికి పిండంలోనే ఎదగలేని లోపం ఉంటుంది. నీ రాత్రి కాల్స్ వల్లా కాదు, నీ నడక వల్లా కాదు, ఎవరి కళ్లూ పడీ కాదు. నీ వల్ల అసలే కాదు."

కళ్లు పడటం గురించి భర్త అన్నమాటకి భ్రమరాంబగారు ఎదురు చెప్పలేదు. కోడలి పక్కన కూర్చుని తల తన భుజానికి చేర్చుకున్నారు. "దేవుడి దగ్గరుందని నేననుకుంటాను. అది నా నమ్మకం, మీ మావయ్య ఒప్పుకోకపోయినా సరే. కానీ నీ తప్పని ఏ దేవుడూ అనడమ్మా."

ఆషాఢం తర్వాత సంయుక్త మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. దుపట్టా కప్పినామె కూడా కళ్లు తుడుచుకుంటూ మొహం పక్కకి తిప్పుకుంది. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. సోమేశ్వరరావుగారు అడగాలనుకుంటూనే ఉన్నారు గాని, ఈలోపు సంయుక్తే లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

ఆ రాత్రితో అంతా మారిపోయిందంటే అబద్ధమవుతుంది. ఆకారాలు ఆ తర్వాతా కొన్నిసార్లు వచ్చాయి. కాని ఆదర్శ్ ఇప్పుడు లేచి ఆమె చెయ్యి పట్టుకుంటున్నాడు. ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదని ఆమె అడిగితే, "మాట్లాడితే నేను ఏడుస్తానని" అన్నాడు. రాజీనామా వెనక్కి తీసుకుని సంయుక్త పగటి షిఫ్టుకి మారింది, నిద్ర వైద్యుణ్ణి, మనసు వైద్యురాలిని కలుస్తోంది. బాల్కనీకి మందపాటి తెర వచ్చింది. భ్రమరాంబగారు కవచం చదవడం మానలేదు, ఎవరూ మానమనలేదు. చదివాక కాకినాడలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసి, "మా ఇంట్లో ఒక బిడ్డ పోయిందే, నీకు చెప్పలేదు" అని మొదలుపెట్టారు. అవతలి నుంచి, "నాకూ ఒకటి పోయింది అక్కా, పాతికేళ్లయింది" అని వినిపించింది.

తర్వాతి నెలలో నిజాంపేటలోని ఒక కాలేజీలో సోమేశ్వరరావుగారు మూఢనమ్మకాల మీద మాట్లాడారు. గ్రహాంతరవాసులు మనుషుల్ని ఎత్తుకెళ్తారంటే నమ్మొచ్చా అని ఒక విద్యార్థి అడిగాడు. హాల్లో నవ్వులు లేచాయి. ఆయన ఆ నవ్వులు ఆగేదాకా ఆగారు.

"ఇప్పటిదాకా ఎవరూ రుజువు చూపలేదు, కాబట్టి నమ్మక్కర్లేదు. రుజువు తప్పకుండా అడగండి," అన్నారు. "కానీ అంతకంటే ముందు ఆ మాట చెప్పే మనిషి పక్కన కూర్చుని, నువ్వేం పోగొట్టుకున్నావని అడగండి."