వాసన చూసిన కంచం

నెత్తళ్ల వాసన.

ఎండలో ఉప్పు మాడినట్టు... ఈ హిందీ ఊళ్లో, తార్‌బహార్ సందు మలుపులోనే ముక్కుకి తగులుతుంది.

సిక్కోలు నుంచి ఎండు నెత్తళ్ల సంచి రైల్లో దిగితే, ముందు అప్పలనర్సమ్మ దగ్గరికే రావాలి. ఒక్క చేప విరిచి, కళ్లు మూసుకుని పీల్చేది. ఊఁ అంటే వండుకోవచ్చు. ఉఁహూఁ అంటే కాలవలోకి. రైల్వే క్వార్టర్లలో తెలుగువాళ్లందరికీ ఆ ముక్కే తీర్పు.

ఒకసారి ఊఁ అంది.

ఆ చేప కుళ్లింది.

పక్కింటి ఉషారాణి ఇంటిల్లిపాదికీ వాంతులు. సంచి తెచ్చి గుమ్మంలో కుమ్మరించింది. తడిసిన పొట్టలు, పసుపు జిగురు, పురుగులు —

"ముక్కు బీరువాలో ఎట్టి తాళమేసినావేటి వదినా?"

అప్పలనర్సమ్మ వంగి చూసింది. ముక్కు మూసుకోలేదు. మొహమైనా చిట్లించలేదు.

అదే ఆమె మొగుడు పోలయ్యకి రోత పుట్టించింది. లోకో షెడ్డులో ముప్పై ఏళ్లు ఆయిల్లో మునిగినవాడు. వాడే ముక్కు మూసుకున్నాడు... పెళ్లానికి ఏమీ లేదు.

ఆ రోజు నుంచి కంచం పెట్టగానే వాసన చూసేవాడు. ఆమె కళ్లముందే. వంగి, కుక్కలా. చూసి — అప్పుడు తినేవాడు.

పూటపూటా. ఏడేళ్లు.

ఏడో ఏట ఆమె చెయ్యి వణికింది.

పార్కిన్సన్స్ అంది డాక్టరమ్మ, హిందీలో. మెదడులో ఆల్ఫా సిన్యూక్లీన్ అని ఒక ప్రోటీన్. అది మడత తప్పుతుంది. పక్కదాన్నీ తప్పిస్తుంది. ముద్ద కడుతుంది... ముద్ద పక్కన ముద్ద. కొందరిలో మొదలయ్యేది ముక్కు వెనకాల, వాసన పట్టే చోట. చెయ్యి వణకడానికి ఏళ్ల ముందే.

వాసన ఎప్పటి నుంచి తెలియడం లేదని అడిగింది.

అప్పలనర్సమ్మ ఆ చేప కుళ్లిన ఏడాది చెప్పింది.

బయట బెంచీ మీద పోలయ్య ఆమె వైపు తిరిగాడు.

"నాకు సెప్పనేదేటే?"

"పడిశెమనుకున్నాను. తగ్గనేదు. ఈలోగా నువ్వు కంచం వాసన సూడ్డం మొదలెట్టినావు. ఇంకేటి సెప్పను?"

కుళ్లు... ఎక్కడో ఆమె తలలో, కంటికి కనపడనంత.

ఏడేళ్లు కంచం మీద వంగిన వాడి ముక్కులో మాత్రం — మూరెడు.

ఇవాళ మళ్లీ నెత్తళ్లు. కంచం వణుకుతూ వచ్చింది. పులుసు అంచు దాటి నేల మీద పడింది. పోలయ్య వంగలేదు. ఊపిరి బిగబట్టి, గబుక్కున ముద్ద కలిపాడు.

ఆ వణికే చెయ్యి వాడి మణికట్టు పట్టుకుంది.

"వాసన సూసి తిను. నాకు తెల్దు కదా."

తల వంచాడు. ఎంతసేపని ఊపిరి ఆపుతాడు...

నెత్తళ్ల వాసన.