ఆమె వచ్చాకే

లైబ్రరీకి కట్టి పంపిన పుస్తకాల్లో పదకొండు వెనక్కి వచ్చాయి. పదకొండింటికీ వెన్ను విడిపోయింది. బైండింగ్ షాపు యజమాని అన్నిటికన్నా పైనున్న పుస్తకం తీసి చివరి కాగితం మూల చూశాడు. ఎవరు కట్టిన పుస్తకం మీద వాళ్ళు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పక్కన తేదీ వేయాలన్నది ఆ షాపులో రూలు. యజమాని అక్కది గీత, కొత్తమ్మాయిది చుక్క. ఆ పుస్తకం మీద చుక్క ఉంది.

"చూశారా? ఆమె వచ్చాకే ఈ గోలంతా. సాయంత్రానికల్లా పనిలోంచి పంపించేస్తాను," అన్నాడు.

కొత్తమ్మాయంటే నలభై దాటిన మనిషే. చేరి మూడు నెలలే కాబట్టి ఆ పేరు. దారం ఎక్కిస్తున్న సూది చేతిలో పట్టుకునే ఆమె తల దించుకుంది.

"అదిగో, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు!" అన్నాడు కాగితాలు కోసే కటింగ్ మాస్టరు.

యజమాని అక్క ముప్పై ఏళ్ళుగా అక్కడే పుస్తకాలు కడుతోంది. ఆమెకో పాడు గుణం ఉంది. ఎవరేం మాట్లాడినా ఆ మాట కుట్టు విప్పి చూడందే ఊరుకోదు. అందుకే పెళ్ళిళ్ళలో ఆమె పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే.

"మాస్టరుగారూ, మేమంతా ఒక్కసారి మీ వంక చూస్తే మీరేం చేస్తారు?" అందామె.

అందరూ చూశారు. మాస్టరు చెయ్యి దానంతటదే వెళ్ళి కాలరు సర్దుకుంది. కొత్తమ్మాయి ఒక్కతే నవ్వలేదు.

"నిప్పు లేనిదే పొగ రాదక్కా," అన్నాడు తమ్ముడు.

"పొగ కనిపిస్తూనే ఉంది. నిప్పెక్కడుందో వెతకొద్దట్రా?"

"వెతికేదేముంది? తీసిన మొదటి పుస్తకమే ఆమెది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలదూ?"

"ఒకే గిన్నెలో ఉడికితే చాలు. ఇక్కడ రెండు గిన్నెలున్నాయి. ఇలా ఇవ్వు," అని కట్టంతా తన ముందుకు లాక్కుంది.

చుక్క, చుక్క, గీత. గీత దగ్గర ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చివరికి ఏడు చుక్కలు, నాలుగు గీతలు తేలాయి. అయితే లోపం కొత్తమ్మాయి ఒక్కదాని చేతిలో లేదన్నమాట. జిగురా? ఒకే డబ్బాలోది, మిగతా పుస్తకాలు గట్టిగానే ఉన్నాయి. మరి ఈ పదకొండుకే ఏమొచ్చింది? తమ్ముడున్న సంగతి కూడా మరిచిపోయి ఆమె తేదీలు చదవడం మొదలుపెట్టింది. అన్నీ కలిపి నాలుగే తేదీలు.

రోజుకెన్ని పుస్తకాలు కట్టారో గోడ క్యాలెండర్ మీద రాసేది ఆమే. వెళ్ళి చూసింది. ఆ నాలుగు రోజులూ ముప్పైకి తక్కువ లేవు. జిగురు పెట్టిన పుస్తకాన్ని తెల్లవార్లూ బిగించి ఉంచే ప్రెస్సులో పట్టేవి ఇరవై మాత్రమే.

పొద్దున బిగించినవాటిని మధ్యాహ్నమే తీసి మిగతావాటికి చోటిచ్చింది ఎవరో కాదు, తనే. పైన తడి లేదు కదా, చాల్లే అనుకుంది. తమ్ముడికి చెప్పలేదు. ప్రెస్సులో చోటే లేనప్పుడు రెండో మనిషెందుకంటాడని భయం. ఒంటరిగా కట్టినన్నాళ్ళూ ఈ ఇబ్బందే లేదు. నిజమే, ఆమె వచ్చాకే మొదలైంది. ఆమె మీద ఇష్టంతోనే మొదలైంది.

"ఒరేయ్, తప్పు నాది. పుస్తకాలు ఆరకముందే ప్రెస్సులోంచి తీసేశాను," అంది.

"ఊరుకో అక్కా! ముప్పై ఏళ్ళ చెయ్యి నీది. నీవల్ల తప్పెలా జరుగుతుంది? ఆమెని వెనకేసుకొస్తున్నావు, అంతే."

"అంతే కదా మరి," అన్నాడు మాస్టరు.

ఇంత తియ్యటి మాట ఆమె ఎన్నడూ వినలేదు. ఈ ఒక్క మాట కుట్టు విప్పకుండా వదిలేద్దామనిపించింది. నోరు మెదపకపోతే చాలు, పరువు నిలబడుతుంది. ఈలోగా కొత్తమ్మాయి సూదిని గుడ్డకు గుచ్చి, సంచీ అందుకుంది. అక్కకు తన మీద తనకే అసహ్యమేసింది.

బల్ల మీంచి నిన్న కట్టిన రెండు పుస్తకాలు తెచ్చింది. చుక్క ఉన్నది రాత్రంతా ప్రెస్సులో ఉంది. తమ్ముడి కళ్ళముందే దాన్ని వెనక్కి విరిచి పట్టుకుంది. చెక్కుచెదరలేదు. గీత ఉన్నది నిన్న మధ్యాహ్నమే తీసేసినది. విరవగానే వెన్ను పటుక్కున విడిపోయి కాగితాలు తమ్ముడి కాళ్ళ మీద పడ్డాయి.

"ఇదిగోరా నీ ముప్పై ఏళ్ళ చెయ్యి," అంది.

తమ్ముడు వంగి కాగితాలు ఏరాడు. తర్వాత కొత్తమ్మాయి దగ్గరికెళ్ళి ఆమె సంచీ తీసుకుని మేకుకు తగిలించాడు.