చీటీ వెళ్ళేది, మనిషి వెళ్ళేవాడు కాదు

పదకొండేళ్ళుగా నెలనెలా బుచ్చయ్యపేట నుంచి చోడవరంలోని ఆసుపత్రికి పరదేశి అనే అతని మందుల చీటీ వెళ్ళి వస్తోంది. మొదటిసారి తప్ప పరదేశి మళ్ళీ వెళ్ళింది లేదు. వదిన పైడితల్లి షేర్ ఆటో ఎక్కి వెళ్ళి, "పాతవే రాసియ్యండి బాబూ" అనేది. కుర్చీలో డాక్టర్లు నలుగురు మారారు. అందరూ "పాతవే" అని రాసి సంతకం గిలికినవాళ్ళే. మనిషి మొహం చూడకుండా వైద్యం చెయ్యడంలో ఎంత ఆరితేరారో మహానుభావులు!

చెవిలో ఎవరో అరుస్తున్నారని పరదేశి మూడు రోజులు చెరకు తోటల్లో దాక్కున్నప్పుడు రాసిన మాత్రలవి. అరుపులు ఏనాడో ఆగిపోయాయి. చేతుల వణుకు పట్టుకుంది. ముద్ద నోటిదాకా వచ్చేసరికి సగం పక్కవాళ్ళ కంచంలో రాలేది. వదిన పిల్లలు చీదరించుకుంటే, పరదేశి భోజనం పెరటి అరుగు మీదికి మారింది. అందరితో కలిసి కూర్చుని తినాలన్నదొక్కటే అతని కోరిక.

ఈ ఏడు కొత్తగా వచ్చిన డాక్టరు జెరూషా, ఏళ్ళ తరబడి "పాతవే" అని నడిచిన చీటీలన్నీ బయటికి తీయించింది. మనిషిని చూస్తేగాని మాత్ర రాయనంది. పైడితల్లి గొణుక్కుంటూనే మరిదిని వెంటబెట్టుకెళ్ళింది.

"ఎలా ఉన్నారు పరదేశి గారూ?"

"బాగానే ఉన్నాడమ్మా. గొడవేటీ సెయ్యడు," అంది పైడితల్లి.

"ఆయన్ని చెప్పనివ్వండమ్మా."

పరదేశి వదిన వంక ఓసారి చూసి, డాక్టరు వైపు తిరిగాడు. "సేతులమ్మా... నా మాట ఇనటం లేదు. అన్నం తినలేకపోతన్నాను."

డాక్టరు అతని చేతులు చాపించి చూసింది. "మందు ఎక్కువై వచ్చిన వణుకిది. ఎప్పుడో తగ్గించాల్సింది. కొంచెం కొంచెంగా తగ్గిద్దాం."

"మళ్ళీ తిరగబెడితే ఏటి సెయ్యాలమ్మా?" అంది పైడితల్లి. ఆ మూడు రోజులూ తోటలు గాలించింది ఆవిడే మరి.

"నిద్ర తగ్గినా, తనలో తను మాట్లాడుకున్నా వెంటనే తీసుకురండి. నెలనెలా నేను చూస్తాను."

నాలుగు నెలలకి వణుకు దాదాపు పోయింది. ఓ ఆదివారం పరదేశి కంచం పట్టుకుని లోపలికొచ్చి పిల్లల పక్కన కూర్చున్నాడు. ఒక్క మెతుకు రాల్చకుండా తిని, సంబరంగా తలెత్తాడు. పిల్లలు అప్పటికే కంచాలతో టీవీ గదిలోకి జారుకున్నారు. పరదేశికి ఏడుపొచ్చింది.

"ఆళ్ళకి అలవాటు లేదు పరదేశీ," అంది పైడితల్లి, చారు పోస్తూ.

మరుసటి నెల డాక్టరు అతని చేతులు చూసి ముచ్చటపడింది. "చాలా బాగున్నాయి. ఇకమీదట మూడు నెలలకోసారి వస్తే చాలు."

పరదేశి కంగారుగా కుర్చీ అంచుకు జరిగాడు.

"వద్దమ్మా. నెలనెలా వస్తాను. ఎలాగున్నావని నన్నడిగేది మీరొక్కలే."